ముందు గుర్తు, తర్వాత చుక్క

రిటైరై రెండేళ్ళవుతున్నా నెలకోసారి మా ఆరోగ్య కేంద్రం వైపు వెళ్తుంటాను. ఇంట్లో మా ఆయన టీవీ మోత భరించలేక అని ఆయనకు చెబుతాను గానీ, అసలు కారణం ఆ నీలం మందు డబ్బాలు చూడకపోతే నాకు తోచదు. కొత్తగా చేరిన నర్సమ్మాయిలు కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, "మేడం, మీ సర్వీసులో మరిచిపోలేని రోజు ఏదండీ?" అని అడుగుతారు. కరోనా కబుర్లు చెబుతానని వాళ్ళ ఆశ. అవి మీరూ చూశారు, నేనెందుకు చెప్పడం? నేను చెప్పేది ఒక ఆదివారం సంగతి. ఆ రోజు నాకు నాలుగు చోట్ల విందు భోజనానికి పిలుపు. పొద్దు గూకే దాకా ఒక్క ముద్ద గొంతు దిగలేదు.

అప్పటికి నాకు నెలాఖరుకు రిటైర్మెంటు. పోలియో చుక్కల ఆదివారం నా సర్వీసులో అదే ఆఖరిది. మాఘమాసం కదా, ఏ వీధి చూసినా టెంటు, ఏ ఫంక్షన్ హాలు చూసినా లైట్లు. శంషాబాద్‌లో హైవే పక్కనున్న ఒక హాల్లో పెద్ద పెళ్ళి ఉంది. చుక్కల శిబిరం ఎప్పటిలా స్కూల్లో పెడదామని మా డాక్టరమ్మ అంది. "ఆదివారం పూట స్కూలుకు ఎవరొస్తారు మేడం? పిల్లలంతా పెళ్ళిలో ఉంటారు. హాలు గుమ్మంలోనే బల్ల వేద్దాం" అన్నాను. ఆ ఆలోచన నాదే. చెప్పుకోవడానికి గొప్పగా ఉంటుంది, అందుకే ముందే చెబుతున్నాను.

మా ఆయన బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి. టైము కాగితం మీద రాసుకోకపోతే ఆయనకు నిద్ర పట్టదు. ముందు రోజు సాయంత్రమే క్యాలెండరు వెనక నా ఆదివారం మొత్తం రాసి గోడకు తగిలించాడు. పొద్దున ఎనిమిది నుంచి పన్నెండు దాకా పెళ్ళి హాలు దగ్గర చుక్కలు. పన్నెండున్నరకు గగన్‌పహాడ్‌లో మా అమ్మాయి గృహప్రవేశం భోజనాలు. రెండింటికి పహాడీ షరీఫ్‌లో నా పాత స్నేహితురాలి మనవడి విందు. మూడున్నరకు పాల్మాకులలో మహిళా సంఘం వాళ్ళు నాకు చేసే సన్మానం. పన్నెండు తర్వాత శిబిరం చూసుకోవడానికి అంగన్‌వాడీ టీచరును ఒప్పించాను. "గీ లెక్కన పోతే ఒక్క సిగ్నల్ పడొద్దు మనకు" అన్నాడు ఆయన, తన స్కూటర్ని బస్సు తుడిచినట్టు తుడుస్తూ.

ఇక్కడ ఒక్క విషయం మీకు చెప్పాలి. చుక్కలు వేయించుకున్న పిల్లలకు ఎడమ చేతి చిటికెన వేలి గోరు మీద నల్ల పెన్నుతో గుర్తు పెడతాం. ఆ తర్వాతి రోజుల్లో ఇల్లిల్లూ తిరిగే వాళ్ళు ముందు ఆ వేలే చూస్తారు. గుర్తుంటే ఆ పిల్లకు అయిపోయినట్టే, ఇంకెవరూ అడగరు. అందుకే ముందు చుక్క, తర్వాత గుర్తు. శిక్షణలో మొదటి రోజే చెప్పే మాట ఇది.

నేను మాత్రం ఇరవై ఏళ్ళుగా తిప్పి చేసేదాన్ని. సీసా చూస్తే పిల్లలు పెదవులు బిగబడతారు. అదే పెన్ను తీసి వేలు పట్టుకున్నామనుకోండి, గోరు నల్లబడటం చూస్తూ నోరు దానంతటదే తెరుచుకుంటుంది. ఆ క్షణంలో రెండు చుక్కలు నాలుక మీద పడిపోవాలి. ఏడుపు లేదు, గింజుకోవడం లేదు. ఈ కిటుకు చూసి ఇతర ఊళ్ళ నర్సులు ముచ్చట పడేవారు, నేర్పించమనేవారు, నేర్పేదాన్ని. మా డాక్టరమ్మ వచ్చిన కొత్తలో ఒకసారి చూసి, "అలా వద్దు సిస్టర్, చుక్క వేశాకే గుర్తు పెట్టండి" అంది. ఆమెది గుంటూరు వైపు. మా అమ్మాయి కంటే చిన్నది. సరే మేడం అన్నాను, నా పద్ధతి నాదే అనుకున్నాను.

ఆ ఆదివారం తొమ్మిదింటికల్లా మా బల్ల ముందు జాతర. మా ఆశా కార్యకర్త వరుసలో నిలబెడుతూ కాగితం మీద గీతలు గీస్తోంది. చుక్కల శిబిరంలో పేర్లు రాయం, ఒక్కో పిల్లకు ఒక్కో గీత, అంతే. పట్టు పరికిణీలు, చిన్న చిన్న షేర్వానీలు, సెంటు వాసన, బిర్యానీ వాసన. నాకు మహా హుషారుగా ఉంది. నేను చెప్పిన చోటే బల్ల వేశారు, చూడండి ఎంత జనమో!

పదవుతుండగా ఒక పెద్దామె వచ్చింది. కాళ్ళకు వెండి కడియాలు, చంకలో ఏడాదిన్నర పిల్ల. పిల్లకు పసుపు గౌను, మణికట్టుకు నల్లపూసలు, బుగ్గ మీద దిష్టి బొట్టు. వెనకే పిల్ల తల్లి. పెద్దామె బల్ల దాకా వచ్చి ఆగిపోయింది.

"వద్దులే అమ్మ. మొన్నోసారి దవాఖానకు తీస్కపోతే రెండు దినాలు జరమొచ్చింది పోరికి."

"గది సూదితోని వచ్చిన జరం పెద్దమ్మా, చుక్కలతోని రాదు. ఇంతకుముందు ఎన్నిసార్లు ఏపిచ్చిన్రు?"

"పుట్టినప్పుడు ఒకసారి, మల్లొకసారి. గంతే" అంది తల్లి, అత్త వైపు చూస్తూ.

ఏడాదిన్నర పిల్లకు రెండే సార్లు! ఎంతసేపు బతిమాలానో. వరుసలో వెనకున్న వాళ్ళు విసుక్కుంటున్నా వదల్లేదు. చివరికి, "నేను ఈడనే ఉంట పెద్దమ్మా. ఏమన్నయితే నన్నడుగు" అన్నాను. ఆ మాటకు పెద్దామె మెత్తబడి పిల్లను ముందుకు వంచింది.

వేలు పట్టుకున్నాను, గుర్తు పెట్టాను. పిల్ల గోరును చూస్తూ నోరు తెరిచింది. సీసా వంచాను, చుక్క రాలేదు. మళ్ళీ వత్తాను, రాలేదు. సీసా ఖాళీ అయిపోయింది.

"ఒక్క నిమిషం పెద్దమ్మా" అని వెనక్కి తిరిగి నీలం డబ్బా తెరిచాను. కొత్త సీసా తీసి, మందు బాగుందో లేదో చెప్పే గుర్తును వెలుతురులో చూసి, మూత తీసి, చుక్కల గొట్టం బిగించాను. అర నిమిషం పని. ఆ అర నిమిషంలోనే పెళ్ళికొడుకు కారు దిగాడు. బ్యాండు మోగింది, పటాకులు పేలాయి. గుమ్మంలో ఉన్న జనం మొత్తం ఒక్కసారిగా లోపలికి కదిలింది. నేను ఇటు తిరిగేసరికి నా ముందు షేర్వానీ వేసుకున్న ఒక బుడతడు నోరు తెరుచుకుని ఉన్నాడు. వాడికి చుక్కలు వేశాను. వాడి వెనక ఇంకొకడు. పసుపు గౌను కనిపించలేదు.

ఆ క్షణంలోనే లేచి వెళ్ళాల్సింది. "తిన్నాక వస్తారులే, గుమ్మం ఇదే కదా" అనుకున్నాను. ఇప్పటికీ పళ్ళు తోముకుంటూ అద్దంలో చూసుకున్నప్పుడు ఆ మాట గుర్తొస్తే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

పది నిమిషాలు గడిచాయి. గుమ్మం వైపు ఒక కన్ను, పిల్లల నోళ్ళ మీద ఒక కన్ను. అరగంటయింది, పసుపు గౌను రాలేదు. సరిగ్గా అప్పుడే డాక్టరమ్మ తనిఖీకి వచ్చింది. జనాన్ని చూసి ఆమె మొహం వెలిగింది.

"మీరు చెప్పిందే నిజమైంది సిస్టర్. స్కూల్లో పెట్టుంటే ఇందులో సగం కూడా వచ్చేవారు కాదు. ఎవరూ తప్పిపోలేదు కదండీ?"

"లేదు మేడం."

నోట్లోంచి ఆ రెండు మాటలు ఎంత తేలిగ్గా వచ్చాయో! చెప్పవచ్చు కదా అని మీరనుకుంటారు. చెబితే ఏమవుతుంది? ముందు గుర్తు పెట్టానని తెలుస్తుంది. వద్దన్న పని ఇరవై ఏళ్ళు చేశానని తెలుస్తుంది. సాయంత్రం శాలువా కప్పబోయేది కూడా ఆమే. పిల్లను నేనే వెతికి, రెండు చుక్కలు వేసేస్తే ఎవరికీ తెలియకుండా పోతుంది కదా అని నా లెక్క.

అంగన్‌వాడీ టీచరు రాగానే బల్ల ఆమెకు అప్పగించి హాల్లోకి పరిగెత్తాను. మండపం మీద తలంబ్రాలు జరుగుతున్నాయి, అక్కడ ఎవరిని అడుగుతాం? భోజనాల వైపు వెళ్ళాను. బల్లల మధ్య తిరుగుతూ కనిపించిన ప్రతి పసుపు రంగు వెనకా పడ్డాను. ఒకటి లంగా ఓణీ, ఒకటి బెలూను. పాల్మాకుల సంఘంలో ఒకామె పెళ్ళిళ్ళలో వడ్డనకు వెళ్తుంటుంది. ఆ రోజు అక్కడే పప్పు బకెట్టు పట్టుకుని ఎదురైంది.

"నర్సమ్మా, ఎవలి కోసం చూస్తున్నవ్? పరేషాన్ల ఉన్నవేంది?"

"ఎవరి కోసం కాదు. ఊకనే" అన్నాను.

"కూసో, తిను. బగారన్నం వేడి వేడిగుంది."

"మా బిడ్డ ఇంట్ల తినాలె" అని తప్పించుకున్నాను. ఆ వడ్డన ఆమెను గుర్తుపెట్టుకోండి.

పన్నెండుంపావుకు మా ఆయన గేటు దగ్గర హారన్ మీద హారన్. ఐసు గడ్డలున్న చిన్న నీలం డబ్బాలో ఒక సీసా పెట్టుకుని స్కూటరెక్కాను. "చుక్కలు అయిపోయినయ్ గద, డబ్బా ఎందుకు?" అన్నాడు. దారిలో ఎవరైనా పిల్లలు తగిలితే అన్నాను. గగన్‌పహాడ్ దాకా దారి పొడుగునా ప్రతి ఆటోలోకి, ప్రతి కారులోకి తొంగి చూశాను.

మా అమ్మాయి గుమ్మంలోనే మూతి ముడుచుకుని నిలబడింది. తెల్లవారుజామున పాలు పొంగించేటప్పుడే నేను లేను, మందు సీసాలు తెచ్చుకోవడానికి ఆరోగ్య కేంద్రంలో ఉన్నాను. కొత్తిల్లు కట్టుకోవడానికి ఆ పిల్లా, అల్లుడూ ఎనిమిదేళ్ళు ఎంత కష్టపడ్డారో నాకు తెలుసు. గదులన్నీ తిప్పి చూపించింది. నేను బాగుంది బాగుంది అంటూ ఆడుకుంటున్న పిల్లల చేతులు చూస్తున్నాను. విస్తరి ముందు కూర్చోబెట్టింది. కలిపిన ముద్ద చేతిలోనే ఉంది.

"అమ్మా, గోడల రంగు ఏందో చెప్పు."

నేను తలెత్తి చూడబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"చూడకుంట చెప్పు. ఇల్లంత తిరిగినవ్ గద."

చెప్పలేకపోయాను. దాని కళ్ళలో నీళ్ళు. "ఇయ్యాల గూడ డ్యూటీయేనా నీకు? నా పెండ్లినాడు గూడ గిట్లనే చేసినవ్" అంది. అదీ నిజమే. దాని పెళ్ళినాడు విరేచనాల కేసులొచ్చి వెళ్ళిపోయాను. ఏం జరిగిందో చెబితే క్షమించేదే. చెప్పలేదు. "ఎండకు తల నొస్తుందిరా" అని లేచాను. వెళ్ళేటప్పుడు అది నా సంచిలో ఏదో పెట్టింది, నేను చూడనైనా చూడలేదు.

పహాడీ షరీఫ్‌లో విందు ఇచ్చే నా స్నేహితురాలు ఒకప్పుడు మా కేంద్రంలోనే ఆయా. నాకంటే ఆరేళ్ళు పెద్దది, ముందే రిటైరైంది. ఎన్ని కాన్పులు కలిసి చేశామో మాకే తెలియదు. పుట్టిన మనవడికి తల వెంట్రుకలు తీయించి, మేకను కోసి, దర్గా గుట్ట కింద షామియానా వేసింది. నన్ను చూడగానే చెయ్యి పట్టుకుని గుడ్డ చాటుకు లాక్కెళ్ళింది.

"నీ మొహం ఏందమ్మా గిట్లున్నది? బిడ్డ అడ్డం తిరిగినప్పుడు గిట్లుంటది నీ మొహం. జర చెప్పు."

ఆమె ముందు అబద్ధం నిలవదు. అంతా చెప్పాను. ఆమె తల మీద కొంగు సర్దుకుంటూ విన్నది.

"డాక్టరమ్మకు చెప్పినవా?"

"లేదు."

"మీ ఆయనకు?"

"లేదు."

"యా అల్లా! ఇద్దరు మోసేటి బరువు ఒక్కదానివి మోస్తున్నవ్. అరే, నీయి రెండే కండ్లు గద, శంషాబాద్ మొత్తం ఎట్ల చూస్తవ్? పది మందికి చెప్పు. పది మందికి చెప్తే ఇరవై కండ్లు."

"సన్మానం అయినంక చెప్త. ఇయ్యాల చెప్తే పరువు పోతది."

ఆమె నుదురు కొట్టుకుంది. తిట్టలేదు. "నేను గూడ వస్త పాల్మాకులకు" అని, చుట్టాలను కొడుకుకు అప్పజెప్పి, అల్లుడి ఆటో పిలిపించింది, మా ఆయన స్కూటర్ మీద వెనకే వచ్చాడు. తన ఇంటి విందు వదిలేసి వచ్చిందామె. ఆమె వచ్చి పక్కన కూర్చుంటే నాకు ధైర్యం రావాల్సింది పోయి దడ ఎక్కువైంది.

పాల్మాకులలో సంఘం భవనం ముందు మామిడి తోరణాలు, మైకు, ప్లాస్టిక్ కుర్చీలు. నా చేతుల మీదుగా పుట్టిన పిల్లలు వాళ్ళ పిల్లల్ని ఎత్తుకుని వచ్చారు. డాక్టరమ్మ తనిఖీ మధ్యలో పావుగంట ఆగి పోదామని వచ్చింది. శాలువా కప్పింది. పూలదండ మెడకు బరువుగా తగిలింది. మైకు పట్టుకుని ఆమె తన శుభ్రమైన తెలుగులో మొదలుపెట్టింది.

"ముప్పై రెండేళ్ళండీ. ఎండనక, వాననక తిరిగారు. నేను రికార్డులన్నీ చూశాను. ఈ సిస్టరు గారి పరిధిలో చుక్క పడని పిల్ల ఒక్కరు కూడా లేరు."

చప్పట్లు. ముందు వరుసలో నా స్నేహితురాలు మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని నన్నే చూస్తోంది.

మైకు నా చేతికిచ్చారు. రాత్రి రాసుకున్న నాలుగు మంచి మాటలు ఏవీ గుర్తు రాలేదు. "ఒక్కరున్నరు" అన్నాను. ఎవరికీ అర్థం కాలేదు. "చుక్క పడని పిల్ల ఒక్కరున్నరు. ఇయ్యాల పొద్దున పెండ్లి హాలు కాడ. ఏలికి గుర్తు పెట్టిన, చుక్క ఎయ్యలే. తప్పు నాది. డాక్టరమ్మ అడిగితే అబద్ధం చెప్పిన. పొద్దటి సంది దేవులాడుతున్న, దొరుకుతలేదు."

డాక్టరమ్మ మొహం తెల్లబోయింది. మా ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. సిగ్గుతో చచ్చిపోతానేమో అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను.

"పిల్లకు ఏం గౌను నర్సమ్మా?" అని ఒక గొంతు.

"పసుపు గౌను. నల్లపూసలు. ఎత్తుకున్న ముసలామెకు వెండి కడియాలు."

వెనక వరుసలో వడ్డన ఆమె లేచింది. ఇంకా ఆ పప్పు మరకల చీరతోనే ఉంది.

"గా పిల్లనా! పెరుగన్నం కలిపి తినిపిచ్చిందే నేను. జెల్ది జెల్ది తిని ఎనక గేటు నుంచి పోయిన్రు. అయిదు గొట్టేవరకు ఎయిర్‌పోర్టుల ఉండాల్నట. పిల్ల నాయిన దుబాయ్‌ల ఉంటడు, తల్లి బిడ్డలిద్దరు గాడికే పోతున్రట." అంతలోనే నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "నేను అడిగిన గద నిన్ను, ఎవలి కోసం చూస్తున్నవని! ఎవరి కోసం కాదన్నవ్!"

నేను గగన్‌పహాడ్, పహాడీ షరీఫ్ తిరుగుతున్నంతసేపూ ఆ కబురు పప్పు బకెట్టు పక్కనే ఉంది.

టైము నాలుగుంపావు. ఇల్లిల్లూ తిరిగే వాళ్ళు రేపు వచ్చేసరికి ఆ పిల్ల సముద్రం అవతల ఉంటుంది. అక్కడ మాత్రం వేయరా అంటారేమో. వేస్తారేమో, నాకేం తెలుసు? ఆ నాయనమ్మ భయమూ, ఆ తల్లి మొహమాటమూ నాకు తెలుసు. వేలి మీద నా గుర్తుంది, అదీ తెలుసు.

డాక్టరమ్మ అప్పటికే లేచి కారు తాళాలు తీసింది. "డబ్బాలో ఐసు ఉందా?" అంది. ఉంది. "నా కారెక్కండి" అంది. నేను, నా స్నేహితురాలు, గుర్తు పట్టడానికి వడ్డన ఆమె వెనక కూర్చున్నాం. మెడలో దండ తీయాలని కూడా తోచలేదు. వెనక స్కూటర్ మీద మా ఆయన, ఆయన వెనక ఇంకో రెండు బండ్లు. సంఘం వాళ్ళలో ఒకరికి పెళ్ళికూతురి మేనమామ తెలుసట, ఆ మేనమామకు పిల్ల చిన్నాయన తెలుసట. కారు హైవే ఎక్కే లోపే ముగ్గురు ఫోన్లు తిప్పుతున్నారు. చిన్నాయన ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు.

ఎయిర్‌పోర్టు దారి ఎంత నున్నగా ఉంటుందో మీకు తెలుసు, ఆ రోజు మాత్రం ఎంతకీ తరగలేదు. డబ్బా ఒళ్ళో పెట్టుకుని సీసాను రెండుసార్లు తీసి చూశాను. "చూసినంత మాత్రాన కారు జోరుగ పోదు" అంది నా స్నేహితురాలు. డాక్టరమ్మ అద్దంలోంచి నన్ను చూసి, "ముందు గుర్తు పెట్టొద్దని చెప్పాను కదండీ" అంది. గొంతులో కోపం లేదు, అదే నాకు ఎక్కువ తగిలింది.

పైన బయల్దేరే వాళ్ళ గేట్ల దగ్గర ఎప్పటిలాగే ఒక్కొక్కరి చుట్టూ ఇరవై మంది. కార్లు ఆపనివ్వకుండా ఒక మనిషి ఈల ఊదుతున్నాడు. మేం దిగి పరిగెత్తాం. ఒక గుంపు, ఇంకో గుంపు, ఆకుపచ్చ గౌను, ఎర్ర స్వెటరు. టైము అయిదు దాటింది. లోపలికి వెళ్ళిపోయి ఉంటారు, అయిపోయింది అనుకున్నాను. గాజు తలుపు దగ్గర తుపాకీ పట్టుకున్న జవాను నా దండ వైపు, డబ్బా వైపు వింతగా చూశాడు.

"గదుగో, కడియాలు!" అని వడ్డన ఆమె అరిచింది.

నాలుగో గేటు దగ్గర ఆ పెద్దామె పిల్లను గుండెకు అదుముకుని ఏడుస్తోంది. చేతిలో పాస్‌పోర్టులు పట్టుకుని కోడలు, "అత్తమ్మా, ఇగ ఇయ్యి, టైమైతుంది" అని బతిమాలుతోంది. ఆ ముసలితనం, ఆ మమకారం పిల్లను వదలకుండా పట్టుకుని ఉండకపోతే నేను ఖాళీ గాజు తలుపును చూసి వెనక్కి తిరిగేదాన్ని.

నన్ను చూసి పెద్దామె కళ్ళు తుడుచుకుంది. "పొద్దున ఏసినవ్ గద, మల్లేంది?" అని పిల్ల వేలు పైకెత్తి చూపించింది. గోరు మీద నల్లటి నా గుర్తు.

"ఎయ్యలేదు పెద్దమ్మా. గుర్తే పెట్టిన. చుక్క ఎయ్యలే. ఈడనే ఉంటనన్న గని నిన్ను పట్టించుకోలే."

కోడలు ఒక్క ఊపున ముందుకు వచ్చింది. "నేను చెప్పలేదా అత్తమ్మా! పడలేదని నేను చెప్పలేదా!" తర్వాత నా వైపు తిరిగింది. "బస్టాండు కాడ చుక్కలేసే పోరిలను గూడ అడిగిన మేడం. ఏలు చూసి, అయిపోయింది పో అన్నరు. నేనేమో పిచ్చిదాన్నయిన."

ఆ మాటకు నేను తట్టుకోలేకపోయాను. పొద్దుటి నుంచి నేను ఆ పిల్ల కోసం తిరుగుతున్నాను, ఆ తల్లి నా చుక్క కోసం తిరిగింది. చూసిన ప్రతివాళ్ళూ నా గుర్తునే నమ్మారు, తల్లి మాట ఒక్కరు కూడా నమ్మలేదు. అందరి ముందు ఆమె చేతులు పట్టుకుని ఏడ్చేశాను. నా స్నేహితురాలు నా భుజం మీద ఒక్కటిచ్చి, "ఏడ్సుడు తర్వాత. ముందు పని" అంది.

సీసా తెరిచాను. పిల్ల నోరు బిగించేసింది. ఇంతమంది కొత్త మొహాలు, ఈల మోత, నాయనమ్మ ఏడుపు, ఎందుకు తెరుస్తుంది? బతిమాలాం, చప్పట్లు కొట్టాం. మా ఆయన హెల్మెట్ తీసి ఆడించాడు. పెదవులు ఇంకా గట్టిగా బిగిశాయి. నేను డాక్టరమ్మ వైపు చూశాను. ఆమెకు అర్థమైంది. తన జేబులోంచి నల్ల పెన్ను తీసి, మూత తీయకుండా, పిల్ల చిటికెన వేలి దగ్గర పెట్టి గుండ్రంగా తిప్పింది. పిల్ల గోరు వైపు చూసింది. నోరు తెరుచుకుంది.

ఒక చుక్క, రెండో చుక్క. మింగింది. పెదవులు నాకింది.

"ఇప్పుడు గుర్తు పెట్టండి సిస్టర్" అంది డాక్టరమ్మ. పాత గుర్తు మీదే మళ్ళీ దిద్దాను. గట్టిగా దిద్దేసరికి గోరు దాటి వేలంతా నల్లగా అయింది. ఈల ఊదే మనిషి కూడా అంతసేపూ ఊదడం మానేసి చూశాడు.

కోడలు పిల్లతో లోపలికి వెళ్తూ గాజు తలుపు అవతల నుంచి చెయ్యి ఊపింది. పెద్దామె నా పక్కనే నిలబడి వాళ్ళు కనిపించినంతసేపూ చూసి, తర్వాత నా దండ సర్ది, "నీ లగ్గమా ఏంది ఇయ్యాల?" అంది.

తిరిగి పాల్మాకుల చేరేసరికి చీకటి పడుతోంది. అందరూ తినేసి ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయి ఉంటారనుకున్నాను. ఒక్కరూ కదల్లేదు. గిన్నెల మీద మూతలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. గగన్‌పహాడ్ నుంచి మా అమ్మాయి, అల్లుడు కూడా వచ్చి కూర్చున్నారు, మా ఆయన దారిలో ఫోను చేసి అంతా చెప్పాడట. అమ్మాయి నా సంచిలోంచి డబ్బా తీసింది, గృహప్రవేశం పూర్ణాలు. మధ్యాహ్నం నుంచి నా భుజానికే వేలాడుతున్నాయి.

డాక్టరమ్మ నివేదికలో ఉన్నది ఉన్నట్టు రాసింది. వారం తర్వాత నాకు మెమో వచ్చింది, సర్వీసు మొత్తంలో అదొక్కటే. శాలువా ఉన్న బీరువా అరలోనే దాన్నీ పెట్టాను. అడిగిన వాళ్ళకు రెండూ చూపిస్తాను.

నాకు ఆ రోజు మీద కోపం ఉండాలి. పెళ్ళి జనం లేకపోతే ఆ పిల్ల నా చేతుల్లోంచి జారేది కాదు. కానీ ఆ జనమే లేకపోతే దొరికేదీ కాదు. పప్పు వడ్డించిన మనిషి, విందు వదిలేసి వచ్చిన స్నేహితురాలు, తిట్టకుండా కారు తీసిన డాక్టరమ్మ, వరసలు కలుపుకుంటూ ఫోన్లు తిప్పిన వాళ్ళు, అలిగి కూడా పూర్ణాలు కట్టిచ్చిన నా బిడ్డ. వాళ్ళకు నేను రుణపడి ఉన్నాను. పొద్దున్నే నోరు తెరిచి అడిగి ఉంటే ఆ రుణం ఇంకాస్త తక్కువయ్యేది, అంతే తేడా.

ఆ రాత్రి సంఘం భవనంలో విస్తరి ముందు కూర్చున్నాను. ముద్ద కలిపాను. అప్పుడు ఒక చిన్నది వచ్చి నా ముందు నిలబడి ఎడమ చేతి చిటికెన వేలు చూపించింది. దాని వెనక ఇంకొకడు. ఎవరు చెప్పారో ఏమో, సంఘం భవనంలో ఉన్న పిల్లలంతా వేళ్ళు పైకెత్తి నా చుట్టూ మూగారు. అన్ని గోళ్ళూ నల్లగానే ఉన్నాయి. ఒకప్పుడైతే అవి చూసి మురిసిపోయేదాన్ని.

కలిపిన ముద్ద విస్తట్లోనే వదిలేసి లేచాను. ఒక్కొక్క తల్లి దగ్గరకూ వెళ్ళి అడిగాను, "చుక్క పడిందా అమ్మా? నువ్వు చూసినవా?" అందరూ చూశామన్నాక వచ్చి అన్నం తిన్నాను.